తొలి బీరు: కొంత కంగారు, కొంత ఓపిక

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి బి.పి., షుగరు, ఆధ్యాత్మికం కాకుండా మరేదైనా విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. నేను ఎంచుకున్న విషయం వినగానే ఆయన ఒక్క క్షణం తటపటాయించారు. "బీరు గురించా మాస్టారూ, మన సభలోనా?" అన్నారు. అవును, బీరు గురించే. అయితే ముందే ఒక మనవి. నేను తాగను. తాగమని చెప్పడానికీ రాలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని చూసిన తరం మనది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, ఇవన్నీ మన ఉద్యోగకాలంలోనే జరిగాయి. ఏ ఇంట్లో ఎవరు ఎంత ఏడ్చారో మనకు తెలుసు. కాబట్టి ఈ ప్రసంగాన్ని ఎవరూ ప్రోత్సాహంగా తీసుకోవద్దు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేస్తే ఎక్సయిజు చట్టం కింద నేరమని కూడా పిల్లలు గుర్తుంచుకోవాలి.

మరి ఎందుకీ విషయం అంటే, నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒక పాల డెయిరీ ప్రయోగశాలలో పనిచేశాను. పులియడం అనే మాట వింటే నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. 2022 సెప్టెంబరులో మేమిద్దరం అమెరికాలో మిన్నియాపొలిస్ దగ్గర ఉంటున్న మా అబ్బాయి ఇంటికి వెళ్లి ఆరు నెలలు ఉన్నాం. అక్కడ మావాడు జీవితంలో మొదటిసారి ఇంట్లో బీరు తయారుచేశాడు. ఆ నెలన్నరా వాడు పడిన కంగారును దగ్గరనుంచి చూశాను. మీలో చాలామంది పిల్లలు ఆ దేశాల్లోనే ఉన్నారు. రేపు మీరు వెళ్లినప్పుడు నేలమాళిగలో మూత బిగించిన తెల్ల బకెట్టు ఒకటి బుడబుడమంటూ కనిపిస్తే బెదిరిపోకుండా ఉండటానికైనా నా మాటలు పనికిరావచ్చు.

అక్కడ ఇది దొంగచాటు వ్యవహారం కాదు. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తివేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి వీలు కలిగింది గాని, బీరుకు మాత్రం కలగలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఒక బిల్లు మీద సంతకం చేస్తే 1979 ఫిబ్రవరి నుంచి అది చట్టబద్ధమైంది. ఇంట్లో పెద్దవాడు ఒక్కడే అయితే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గాలన్లు. అమ్మకూడదు. అయినా రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి కనుక మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. ఇంగ్లండులో 1963లోనే లైసెన్సు అక్కర్లేదన్నారు. కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో చార్లీ పపాజియన్ అనే బడిపంతులు, చదివింది అణు ఇంజనీరింగు, ఊళ్లోవాళ్లకు బీరు తయారీ నేర్పుతూ నేర్పుతూ 1984లో ఒక పుస్తకమే అచ్చువేయించాడు. ఆ పుస్తకంలో ఆయన మళ్లీ మళ్లీ చెప్పే సలహా ఒక్కటే, కంగారుపడవద్దని. అణుశాస్త్రం చదివినాయన అంతగా చెప్పవలసి వచ్చిందంటే జనం ఎంత కంగారు పడేవారో ఊహించుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మనవైపు 'కాయడం' అనగానే సారా గుర్తొస్తుంది. సారా కాయడమంటే పులిసిన దాన్ని మరిగించి ఆవిరి పట్టడం. బీరులో ఆ పని లేదు. బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తించి ఆరబెడితే అది మాల్టు. మన రాగి మాల్టు లాంటిదే. మాల్టును వేడినీళ్లలో నానబెడితే గింజలోని పిండి చక్కెరగా మారి తియ్యటి రసం దిగుతుంది. దాంట్లో హాప్స్ అనే చేదు పూలు వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి, బకెట్టులో మూత పెడతారు. ఈస్టు చక్కెరను తిని దాదాపు సగం ఆల్కహాలుగా, సగం బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. తయారీ అంతా ఇంతే. శనివారం మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి భోజనాల వేళకు ముగుస్తుంది. ఆ తరువాత మిగిలేది ఎదురుచూడటం. మావాడికి రానిది అదే.

మావాడు చేసింది అయిదు గాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు. మూతకు ఒక రంధ్రం, దానికి ఎయిర్ లాక్ అనే చిన్న ప్లాస్టిక్ గొట్టం. అందులో సగానికి నీళ్లు. లోపలి వాయువు నీళ్లలోంచి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. చాలా తెలివైన వస్తువు. కాని నా ఉద్దేశంలో కొత్తవాళ్ల నిద్ర చెడగొట్టేది కూడా అదే. దాన్ని చూస్తూ కూర్చోవచ్చు గనుక చూస్తూ కూర్చుంటారు.

శనివారం రాత్రి ఈస్టు వేశాడు. ఆదివారం ఉదయం బుడగ లేదు. మధ్యాహ్నం లేదు. రాత్రి రెండు గంటలకు మెట్లమీద చప్పుడైతే దొంగేమోనని మా ఆవిడ నన్ను లేపింది. చూస్తే మావాడు చేతిలో టార్చితో బకెట్టు ముందు గొంతుకూర్చుని ఉన్నాడు.

"నాన్నా, చచ్చిపోయినట్టుంది. పారబోసి మళ్లీ చేసేదా?" అన్నాడు.

"ఈస్టు వేసినప్పుడు రసం ఎంత వేడిగా ఉంది?"

"ఇరవై డిగ్రీలు. థర్మామీటరు పెట్టే వేశాను."

"అయితే పోయి పడుకో నాన్నా."

నేను అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. పాలు తోడుపెట్టే ప్రతి ఇల్లాలికీ తెలిసిన ప్రశ్న అది. మరిగే పాలలో తోడు వేస్తే తోడు చస్తుంది, గోరువెచ్చగా ఉంటే బతుకుతుంది. ఈస్టు కూడా నలభై డిగ్రీలు దాటిన వేడిలో వేస్తే బతకదు. ఇరవై డిగ్రీల్లో వేశాడంటే అది చావడానికి కారణం లేదు. మరి బుడగ ఎందుకు రాలేదు? ఎండిన ఈస్టు పొట్లంలో గ్రాముకు కొన్ని వందల కోట్ల కణాలుంటాయి. కొత్త రసంలో పడగానే అవి తడిసి తేరుకోవాలి. రసంలో కరిగి ఉన్న ఆక్సిజనును పీల్చుకుని తమ కణాల పొరలకు కావలసిన సరుకు సమకూర్చుకోవాలి. అప్పుడుగాని పని మొదలుపెట్టవు. దానికి పన్నెండు గంటలు పట్టవచ్చు, ఒకటిన్నర రోజు పట్టవచ్చు, ఒక్కొక్కసారి మూడు రోజులు కూడా పడుతుంది. పైకి ఏమీ కనిపించదు. డి.ఏ. బకాయిల ఫైలు కదలడం లేదని మనం అనుకునే రోజులతో పోల్చవద్దు. ఇక్కడ లోపల నిజంగానే పని జరుగుతూ ఉంటుంది.

సోమవారం తెల్లవారుజామున బుడగలు మొదలయ్యాయి. మంగళవారానికి నిమిషానికి లెక్కపెట్టలేనన్ని. బుధవారం నురగ పొంగి గొట్టంలోకి ఎక్కి మూతమీద కారింది. మళ్లీ కంగారు. నురగ మీద గోధుమరంగు జిగురు తెట్టు, చూడటానికి మురికికాలవలా ఉంది. బూజు పట్టిందన్నాడు. ఇల్లంతా పులిసిన అట్లపిండి వాసన వస్తోందని మా ఆవిడ విసుక్కుంది. ఇవన్నీ మామూలే. పత్తిలాగా నూగుగా పెరిగేది బూజు. తెల్లటి ముడతల పొరలాగా పైన పరుచుకునేది వేరే సూక్ష్మజీవుల పని. గోధుమరంగు తెట్టు మాత్రం పులుపు జోరుమీద ఉందనడానికి గుర్తు. కొన్ని రకాల ఈస్టులు కుళ్లిన గుడ్డు వాసన కూడా వదులుతాయి, తరువాత అదే పోతుంది.

ఇక్కడ పెద్దవాళ్లకు ఒక భయం ఉంటుంది. నా మిత్రుడొకాయన ఫోనులో అదే అడిగాడు. "కల్తీ సారా తాగి జనం చచ్చిపోయినట్టు, ఇంట్లో చేసింది తాగి ఏమైనా అయితే?" అని. సమంజసమైన ప్రశ్న. కల్తీ సారా చావులకు సాధారణంగా కారణం మిథనాల్, అంటే ఫ్యాక్టరీల్లో వాడే మెథిలేటెడ్ స్పిరిట్ వంటివాటిని కలపడం. బార్లీ రసం పులిసినప్పుడు లెక్కలోకి రానంత స్వల్పంగా తప్ప మిథనాల్ పుట్టదు. ఇక జబ్బుచేసే క్రిముల మాట. రసం గంటసేపు మరిగింది. తరువాత ఆల్కహాలు, పులుపు, హాప్స్ చేదు మూడూ చేరాయి. వాటి మధ్య మనిషికి రోగం తెచ్చే సూక్ష్మజీవులు సాధారణంగా బతకవు. చెడిపోయిన బీరు పుల్లగా, కంపుగా ఉండి నోట పెట్టుకోబుద్ధి కాదు గాని ప్రాణం తీయదు. ఇది బీరు చెడిపోవడం గురించి చెప్పిన మాట మాత్రమే సుమా. మితం తప్పి తాగితే ఏమవుతుందో చెప్పడానికి మన సంఘంలో డాక్టర్లున్నారు.

అసలు ఈ చెడిపోవడం అనే బెడద పెద్ద పెద్ద కంపెనీలకే తప్పలేదు. బవేరియాలో 1516లో చేసిన బీరు చట్టంలో బార్లీ, హాప్స్, నీళ్లు అని రాశారు గాని ఈస్టు మాట లేదు. అలాంటి జీవి ఒకటుందని వాళ్లకు తెలియదు. పులియడం ప్రాణులు చేసే పని అని వాదించి నిలబెట్టినవాడు పాశ్చర్. ఆయన 1876లో బీరు మీద ఒక గ్రంథమే రాశాడు. డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ కంపెనీవారు 1875లో సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు. వారి బీరు చెడిపోతుంటే ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అనే శాస్త్రవేత్త తోడులోనే అడవి ఈస్టు కలిసిందని కనిపెట్టి, 1883లో ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచి చూపించాడు. మా డెయిరీ వాళ్లకు జున్ను తయారీ ద్వారా తెలిసిన హాన్సెన్ వేరు, ఆయన కూడా కోపెన్‌హాగెన్‌వాడే, నేనే చాలాకాలం కలిపి చెప్పేవాళ్లను చూశాను. ఆ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలోనే సోరెన్‌సెన్ అనే ఆయన 1909లో పి.హెచ్. కొలతను ప్రవేశపెట్టాడు. ఉద్యోగకాలమంతా రోజూ పాలకు పి.హెచ్. చూసిన నాకు, అది బీరు వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన కొలత అని తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

తిరిగి మిన్నియాపొలిస్‌కు వద్దాం. శుక్రవారానికి బుడగలు తగ్గాయి. శనివారం పూర్తిగా ఆగిపోయాయి. బుడగ రానప్పుడు కంగారుపడినవాడు ఇప్పుడు ఎగిరి గంతేశాడు. "అయిపోయింది, రేపు సీసాల్లోకి పోసేస్తాను" అన్నాడు. నలభై ఎనిమిది ఖాళీ సీసాలు కడిగి పెట్టుకున్నాడు. మూతలు బిగించే మిషను కూడా తెచ్చుకున్నాడు. నింపిన సీసాలను మెట్లకింది అరలో పెడతానన్నాడు. ఆ అర మా మనవరాలి బొమ్మల ఇల్లు. నాలుగేళ్లది, రోజంతా అందులోనే దాని సంసారం.

అంతవరకు నేను అడిగితే తప్ప మాట్లాడలేదు. పిల్లల ఇళ్లకు వెళ్లినప్పుడు ఎంత తక్కువ సలహా ఇస్తే అంత మర్యాద అని నా అభిప్రాయం. మీలో కొందరు ఒప్పుకోరని తెలుసు. కాని సీసాల సంగతి వచ్చేసరికి ఊరుకోవడానికి వీల్లేకపోయింది. ఎందుకంటే బీరు తయారీలో తొందరపడితే రుచి చెడుతుంది అన్నంతవరకు అది వాడి సొంత విషయం. సీసా పేలడం మాత్రం ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం.

ఆ లెక్క కాస్త వివరంగా చెబుతాను, ఇది తెలిసి ఉండటం మంచిది. బీరు పులిశాక సీసాల్లో పోసేటప్పుడు కొద్దిగా చక్కెర కలుపుతారు. 19 లీటర్లకు సుమారు 125 గ్రాములు. మిగిలిన ఈస్టు ఆ చక్కెరను తిని వాయువు పుట్టిస్తుంది. మూత బిగించి ఉంది గనుక ఆ వాయువు బీరులోనే కరుగుతుంది. సీసా తీయగానే వచ్చే నురగ అదే. మామూలు బీరులో ఒక లీటరు బీరుకు సుమారు రెండున్నర లీటర్ల వాయువు కరిగి ఉంటుంది. సీసాను ఆ మేరకే గట్టిగా చేస్తారు, ఇంకొంచెం అదనంగా తట్టుకుంటుంది. ఇప్పుడు బకెట్టులో పులియడం పూర్తికాకుండానే సీసాల్లో పోశామనుకోండి. కలిపిన చక్కెర కాక, రసంలో మిగిలిపోయిన చక్కెర కూడా సీసాలోనే పులుస్తుంది. వాయువుకు దారి లేదు. పది రోజులకో ఇరవై రోజులకో అర్ధరాత్రి ఒక సీసా పేలుతుంది. దాని గాజుపెంకులు తగిలి పక్కది.

బుడగలు ఆగిపోతే పులియడం అయిపోయినట్టు కాదా అంటే, కాదు. మూత సరిగా బిగుసుకోకపోతే వాయువు పక్కనుంచి పోతుంది, గొట్టంలో బుడగ రాదు. చలి పెరిగితే ఈస్టు మందగించి నిద్రపోతుంది, అప్పుడూ బుడగ రాదు. దానికి తోడు, పులియడం ఆగిపోయాక కూడా వేడి పెరిగితే కరిగి ఉన్న వాయువు బయటికి వచ్చి బుడగలు కనిపించవచ్చు. అందుచేత బుడగ సాక్ష్యం చెల్లదు. చెల్లే సాక్ష్యం ఒక్కటే, హైడ్రోమీటరు.

అది మన లాక్టోమీటరుకు అన్నగారు. పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటరు లోతుకు మునుగుతుంది కదా. అలాగే రసంలో చక్కెర ఎక్కువగా ఉంటే హైడ్రోమీటరు పైకి తేలుతుంది, చక్కెర తగ్గి ఆల్కహాలు పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది. మంచినీళ్లలో 1.000 చూపిస్తుంది. మావాడు మొదటిరోజు కాగితంలో రాసి ఉందని 1.050 అని కొలిచి, బకెట్టు మీద టేపు అంటించి పెన్సిలుతో రాశాడు. ఆ తరువాత ఆ పరికరాన్ని పెట్టెలో పెట్టేశాడు. వారం రోజులు బుడగలే చూశాడు.

"రీడింగ్ ఎంతరా?" అన్నాను.

"బుడగలు ఆగిపోయాయిగా నాన్నా."

"ఆగిపోనీ. రీడింగ్ ఎంత?"

ఆదివారం తీసి చూస్తే 1.020 ఉంది. ఆ రకం రసం, ఆ రకం ఈస్టు అయితే 1.012 దగ్గరికి దిగాలని పొట్లంతో వచ్చిన కాగితంలోనే ఉంది. తేడా ఎనిమిది పాయింట్లు. స్థూలంగా రెండు పాయింట్లు తగ్గితే లీటరు బీరుకు ఒక లీటరు వాయువు పుడుతుంది. ఆ లెక్కన మిగిలింది ఏడు పాయింట్లే అనుకున్నా మూడున్నర, కలపబోయే చక్కెర వల్ల రెండున్నర, మొత్తం ఆరు. గది వేడిలో ఆరు అంటే కారు టైరులో ఉండే ఒత్తిడికి రెండింతలకు పైమాటే. నేను కాగితం మీద వేసి చూపించాను. మావాడు లెక్కల్లో నాకన్నా గట్టివాడు. కాగితాన్ని రెండుసార్లు చూసి, మాట్లాడకుండా లేచి వెళ్లి సీసాల పెట్టెలు గరాజులో పెట్టి వచ్చాడు.

మరి ఎందుకు ఆగింది? అక్టోబరు నెల. నేలమాళిగలో వేడి పదిహేను డిగ్రీలకు దిగింది. మొదట్లో పులిసే జోరుకు బకెట్టు తనంతట తానే కొంత వేడిగా ఉంటుంది, జోరు తగ్గగానే చల్లబడుతుంది. చలికాలం పెరుగు తోడుకోకపోతే మనం ఏంచేస్తాం? గిన్నెను పొయ్యి పక్కన పెడతాం, బియ్యం డబ్బాలో పెడతాం, పాత దుప్పటి కప్పుతాం. బకెట్టును నెమ్మదిగా మోసుకొచ్చి హాలు మూల పెట్టాడు. అడుగున చేరిన ఈస్టు కదిలేటట్టు, మూత తీయకుండా బకెట్టును కాస్త అటూ ఇటూ ఊపాడు. మా ఆవిడ తన పాత శాలువా ఒకటి దానికి కప్పింది. వారం రోజులు ఇంటికి వచ్చిన ప్రతివారూ ఆ మూల ఎవరు కూర్చున్నారని అడిగేవారు.

ఆ తరువాత మూడు నాలుగు రోజులకొకసారి కొలిచాడు. బుధవారం 1.016. మరుసటి ఆదివారం 1.013. బుధవారం మళ్లీ 1.013. మూడు రోజుల ఎడంతో రెండుసార్లు ఒకే అంకె వస్తే అప్పుడు అయిపోయినట్టు. మొత్తం పద్దెనిమిది రోజులు. ఈ రోజుల్లో కూడా వాడు గంటకోసారి బకెట్టు దగ్గరికి వెళ్లడం మానలేదు. "ఆవకాయ పెట్టాక మూడోనాడు తిరగ కలిపేదాకా జాడీ జోలికి పోం కదా, వీడికి ఎవరు నేర్పుతారు?" అని మా ఆవిడ నాతో అనేది. ఊట ఊరడం ఆమెకు పుస్తకాల్లో చదివితే వచ్చింది కాదు. తడిచెయ్యి పెట్టకూడదు, మాటిమాటికీ మూత తీయకూడదు అన్న రెండు ముక్కల్లో ఆమెకు తెలిసినదే మావాడి కాగితంలో పది పేజీల్లో ఉంది. మూత తీసిన ప్రతిసారీ గాలి తగులుతుంది. పులిసిన బీరుకు ఆక్సిజను శత్రువు, నిలవ ఉంచితే తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది.

పులియడం అయ్యాక కూడా ఇంకొన్నాళ్లు ఉంచడంలో మరో లాభం ఉంది. ఈస్టు మధ్యలో డైఅసిటైల్ అనే పదార్థాన్ని వదులుతుంది. వెన్న వాసన. మా డెయిరీలో వెన్నకు ఆ వాసన కావాలని తాపత్రయపడేవాళ్లం. బీరులో అది ఉంటే తప్పు. వేచి ఉంటే చివర్లో ఈస్టే దాన్ని తిరిగి పీల్చుకుని లేకుండా చేస్తుంది. తొందరపడి ఈస్టునుంచి వేరుచేస్తే ఆ వాసన ఉండిపోతుంది. పచ్చి ఆపిలు వాసన కూడా అంతే.

మన కల్లుకు ఈ బాధలు లేవు. చెట్టుమీద లొట్టిలో పడుతుండగానే గాలిలో ఉన్న ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. నీరా కావాలంటే లొట్టిలో సున్నం రాసి పులియడాన్ని ఆపాలి. అక్కడ మనిషి కష్టమంతా ఆపడంలో ఉంది. చలిదేశాల బీరులో కష్టమంతా ఆగడంలో ఉంది.

సీసాల్లో పోసిన తరువాత మూడోరోజునే మావాడు ఒకటి తీశాడు. చప్పగా, నురగ లేకుండా ఉంది. మళ్లీ ముఖం వేలాడేశాడు. గది వేడిలో రెండు వారాలు పడుతుందని కాగితంలో ఉంది. ఈసారి నేను చెప్పలేదు, కోడలే చెప్పింది. సీసాల పెట్టెలు మెట్లకింద కాక గరాజు పక్కగదిలో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టించింది కూడా ఆ అమ్మాయే. "మావయ్యగారూ, లెక్క సరిగ్గా ఉన్నా గాజు గాజే కదా" అంది. నిజమే. సీసాలో చిన్న పగులుంటే లెక్క ఏంచేస్తుంది?

రెండు వారాలకు తీశారు. చిన్న చప్పుడుతో మూత వచ్చింది, గ్లాసులో రెండు వేళ్ల మందాన నురగ నిలిచింది. ఆల్కహాలు సుమారు 4.8 శాతమని మావాడు లెక్కకట్టాడు. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసివేసి 131తో గుణించాలట. నేను వాసన చూశాను. కాల్చిన రొట్టె వాసన, కొంచెం నారింజ తొక్క వాసన. వాడి స్నేహితులు ఇద్దరు వచ్చి తాగి బాగుందన్నారు, ఒకడు కొంచెం చేదు ఎక్కువన్నాడు. నలభై ఎనిమిది సీసాల్లో ఒక్కటీ పేలలేదు.

బకెట్టు అడుగున రెండంగుళాల మందాన తెల్లటి మడ్డి మిగిలింది. అదంతా ఈస్టే. మావాడు దాన్ని కాలవలో పోయబోతుంటే మా ఆవిడ ఆపింది. "తోడు పారబోస్తార్రా ఎవరైనా?" అంది. కార్ల్స్‌బర్గ్ స్థాపకుడు జేకబ్‌సెన్ 1845లో జర్మనీలోని మ్యూనిక్ నుంచి డెన్మార్కుకు గుర్రపుబండిలో ఈస్టు తెచ్చుకున్నాడని, అది వేడెక్కి చావకుండా ప్రతి మజిలీలోనూ దిగి డబ్బా మీద చన్నీళ్లు పోసుకుంటూ వెళ్లాడని చెబుతారు. మావాడికి అంత దూరం పోవలసిన పని లేదు. మరిగించి ఆరబెట్టిన గాజుసీసాలో ఆ మడ్డి పోసి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాడు. పొరపాటున ఎవరూ మజ్జిగలో కలపకుండా మా ఆవిడ దానిమీద పెద్ద అక్షరాలతో 'బీరు తోడు' అని తెలుగులో రాసి అంటించింది. మేము ఫిబ్రవరిలో తిరిగి వచ్చేలోగా వాడు దానితోనే రెండో బకెట్టు వేశాడు. ఈసారి పదిహేను గంటల్లోనే బుడగలు వచ్చాయట. వాడు చూడలేదు, నిద్రపోతున్నాడు. పొద్దున కోడలు చూసి చెప్పింది.